కడలి లోతులు చూచిన బడిపంతులు

కంచిలి నుండి సోంపేట మీదుగా ఉద్దానపు కొబ్బరితోటల నీడలో నడచిపోతే బారువ వస్తుంది. మహేంద్రగిరిలో పుట్టిన మహేంద్రతనయ అక్కడ సముద్రంలో కలుస్తుంది. ఒకప్పుడు ఆ రేవున ఓడలు ఆగేవి. కూలి వెదుక్కుంటూ రంగూనుకు పోయిన కుటుంబాలెన్నో ఈ తీరాన ఓడ ఎక్కినవే. ఆనాటి వైభవానికి గుర్తుగా పాత దీపస్తంభం మిగిలి ఉన్నది. కర్రతెప్ప మీద కెరటాలు దాటిపోయే జాలరికి సముద్రమంటే పైకి కనబడే నీరు మాత్రమే కాదు; వల విసరే ముందు అతడు కంటికి కానరాని లోతును గురించి ఆలోచించాలి. ఆ లోతులో మనిషి దాగి ఉండగలడనీ, అక్కడి నుండి శత్రువును కొట్టగలడనీ మన పురాణకర్తలు ఏనాడో ఊహించినారు. కాలకేయులు పగలంతా సముద్రగర్భంలో దాగి, రాత్రివేళ వెలికి వచ్చి మునులను హింసించేవారట. కురుక్షేత్రం ముగిసిన నాడు దుర్యోధనుడు జలస్తంభన విద్యతో మడుగులో దాగినాడు. అవి కథలు. ఆ కథను ఇనుముతో, నూనెతో, విద్యుత్తుతో నిజం చేసినవాడు రాజూ కాడు, నావికుడూ కాడు. ఐర్లండులో ఒక పల్లెటూరి బడిపంతులు. అతని పేరు జాన్ ఫిలిప్ హాలండ్.

అతడు 1841లో ఐర్లండు పడమటి తీరాన, క్లేర్ మండలంలోని లిస్కానర్ అనే పల్లెలో జన్మించినాడు. తండ్రి బ్రిటిషు తీరరక్షక దళంలో చిన్న ఉద్యోగి. గుర్రమెక్కి తీరం వెంబడి గస్తీ తిరగడం అతని పని. తల్లి ఇంట మాట్లాడేది ఐరిషు భాష. పిల్లవానికి ఇంగ్లీషు బాగా పట్టుబడినది బడిలో చేరిన తరువాతనే. ఏలినవారి భాష బడిలో, కన్నతల్లి భాష ఇంటిలో అన్న ఆ స్థితి తెలుగు పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు.

హాలండుకు ఊహ తెలిసేనాటికి ఐర్లండులో మహాక్షామం వచ్చిపడినది. 1845 నుండి వరుసగా ఏండ్ల తరబడి బంగాళాదుంప పంట తెగులు తగిలి కుళ్ళిపోయినది. పేదల తిండి అదొక్కటే. సుమారు పది లక్షలమంది ఆకలికీ అంటురోగాలకూ ఆహుతి అయినారు. అంతకు తక్కువ కాని జనం ఓడలెక్కి దేశం విడిచినారు. ఆ కాలంలోనే ధాన్యమూ పశువులూ ఐరిషు రేవుల నుండి ఇంగ్లండుకు ఎగుమతి అవుతూనే ఉండినవి. హాలండు ఇంటిని కూడా ఆ రోగాలు విడిచిపెట్టలేదు. తోడబుట్టినవాడొకడు కలరాతో కన్నుమూసినాడు. ఇరవై ఏండ్లు తిరిగేసరికి, 1866లో, ఒరిస్సానూ అప్పటి గంజాం జిల్లానూ కబళించిన కరువు ఇదే కథను మన వైపు మళ్ళీ నడిపించినది. కంచిలి, సోంపేటలు ఆనాడు గంజాం జిల్లాలోనివే. ఆకలిచావులు కన్నులారా చూచిన పిల్లవాని మనస్సులో ఏలేవారిపట్ల ఎటువంటి భావం నాటుకొని ఉంటుందో ఈ ప్రాంతంవారు సులభంగానే గ్రహించగలరు.

1853లో తండ్రి మరణించినాడు. కుటుంబం లిమరిక్ పట్టణానికి చేరినది. సముద్రయానం చేయాలని కుర్రవానికి కోరిక. కాని చూపు మందం. ఓడ మీద అటువంటివానికి చోటు లేదు. ఇల్లు గడవవలెను కనుక 1858లో క్రైస్తవ సోదరసంఘంలో చేరి ఉపాధ్యాయుడైనాడు. బ్రహ్మచర్యం, పేదరికం, బోధన ఆ సంఘంవారి వ్రతాలలోనివి. కార్క్ నగరంలో ఆ సంఘం పాఠశాలలో బర్క్ అనే విజ్ఞానశాస్త్ర బోధకుడు ఉండేవాడు. విద్యుత్తును గురించి, యంత్రాలను గురించి తన చేతితో ప్రయోగాలు చేసి చూపే గురువు ఆయన. హాలండుకు దారి చూపినది ఆయనే.

1862 మార్చిలో అమెరికా అంతర్యుద్ధంలో రెండు ఇనుప ఓడలు, మానిటర్, మెరిమాక్, ఒకదానితో ఒకటి తలపడినవి. గంటల తరబడి కాల్చుకొన్నా ఒకదాని గుండ్లు మరొకదాని కవచాన్ని ఛేదించలేకపోయినవి. కొయ్య ఓడల యుగం ఆనాటితో ముగిసినదని లోకమంతటికీ అర్థమైనది. ఈ వార్త కార్క్‌లోని ఇరవై ఏండ్ల పంతులుకు మరొక విధంగా అర్థమైనది. ఇనుప ఓడలు కట్టగల ధనం బ్రిటనుకు ఉన్నది. పైనుండి ఎదుర్కొనే శక్తి ఐర్లండువంటి పేదదేశానికి ఎన్నటికీ రాదు. కాని ఎంత బలమైన ఓడకైనా కవచం నీటికి పైభాగాననే. అడుగున రక్షణ లేదు. అయితే అడుగు నుండే పోవలెను. ఈ ఆలోచన అతనిని తరువాత యాభై ఏండ్లు విడిచిపెట్టలేదు.

ఆలోచన కొత్తది కాదు. 1776లో అమెరికా స్వాతంత్ర్య సమరంలో బుష్‌నెల్ అనే యువకుడు తాబేలు అనే పేరుతో కొయ్య గుల్ల ఒకటి చేసినాడు. అందులో ఒక్క మనిషి కూర్చుండి చేతితో మరలు త్రిప్పుకొంటూ న్యూయార్కు రేవులోని బ్రిటిషు నౌక అడుగుకు చేరినాడు గాని, మందుపాత్రను ఓడకు బిగించలేకపోయినాడు. 1800లో రాబర్ట్ ఫుల్టన్ ఫ్రాన్సులో నాటిలస్ అనే జలాంతర్గామిని కట్టి నెపోలియనుకూ, ఆ తరువాత తన విద్యను బ్రిటిషువారికీ అమ్మజూచినాడు, జలాంతర్గామిని మాత్రం ఎవరూ కొనలేదు. 1864 ఫిబ్రవరి 17న అమెరికా దక్షిణ రాష్ట్రాలవారి హన్లీ అనే పడవ ఒక యుద్ధనౌకను ముంచినది. జలాంతర్గామి శత్రునౌకను ముంచడం చరిత్రలో అదే మొదలు. కాని ఆ రాత్రి హన్లీ కూడా తిరిగి రాలేదు. లోపలి ఎనిమిదిమందీ జలసమాధి అయినారు. అంతకుముందు పరీక్షల్లోనే ఆ పడవ పదముగ్గురిని పొట్టన పెట్టుకొన్నది. ఇట్టి శవపేటికను ఆయుధంగా మార్చడమే హాలండు ముందున్న సమస్య.

ఆ సమస్యకు మూడు ముడులు ఉన్నవి. మునగడం సులభం; రాయి కూడా మునుగుతుంది. నీటి నడుమ ఒకే లోతున నిలవడం కష్టం. లోపలి నీటితొట్లు సగం నిండి ఉంటే, పడవ కొంచెం వంగగానే నీరంతా ఒక ప్రక్కకు పారి ముక్కు నేలకు దిగుతుంది. రెండవది, మనుషుల చేతిబలం చాలదు, యంత్రం కావలెను. మూడవది, యంత్రానికి నిప్పు కావలెను, నిప్పుకు గాలి కావలెను, నీటి అడుగున ఉన్నదేమో కొద్దిపాటి గాలి. పాఠాలు చెప్పుకొంటూ, జబ్బుతో ఊరూరూ బదిలీ అవుతూ, కాగితాల మీద ఈ ముడులను ఒక్కొక్కటే విప్పసాగినాడు హాలండు. ఆరోగ్యం మరీ చెడి 1873లో సంఘాన్ని విడిచి, తల్లీ తమ్ముడూ అప్పటికే చేరిన అమెరికాకు ఓడ ఎక్కినాడు. బోస్టనులో మంచు గడ్డకట్టిన వీథిలో జారిపడి కాలు విరుగగొట్టుకొన్నాడు. మంచాన పడి ఉన్న ఆ వారాలలోనే తన పటాలను మొదటినుండి తిరగవ్రాసినాడు. కాలు బాగుపడిన తరువాత న్యూజెర్సీలోని పాటర్సను పట్టణంలో మళ్ళీ బడిపంతులే అయినాడు.

1875లో తన నమూనాను అమెరికా నౌకాశాఖకు పంపినాడు. నీటి అడుగున చూపు ఆనని మనిషి ఓడను నడపడమేమిటని అక్కడి అధికారులు దానిని త్రోసిపుచ్చినారు. అప్పుడు అతనిని ఆదరించినవారు ఫెనియనులు. ఐర్లండు స్వాతంత్ర్యానికై ఆయుధం పట్టిన రహస్య విప్లవసంఘం అది. అమెరికాలోని ఐరిషు కూలీలూ దాసీలూ రోజుకూలిలో మిగిల్చి ఇచ్చిన చిల్లర డబ్బులే దాని నిధి. 1876లో వీరు ఒక తిమింగలాల వేట ఓడను పంపి, పశ్చిమ ఆస్ట్రేలియాలో ప్రవాసశిక్ష అనుభవిస్తూ ఉండిన ఆరుగురు తమవారిని విడిపించి తెచ్చుకొన్నారు. ఆ విజయంతో ఉత్సాహం ఉప్పొంగి ఉన్న తరుణంలో హాలండు తమ్ముడు అన్నను వారికి పరిచయం చేసినాడు. వాణిజ్య నౌక పొట్టలో చిన్న జలాంతర్గామిని దాచి తీసుకొనిపోయి, బ్రిటిషు యుద్ధనౌకల దరిని విడువవలెనని వారి ఎత్తుగడ.

1878 మే నెలలో పసాయిక్ నదిలో హాలండు మొదటి పడవను దించినారు. పొడవు 14 అడుగులు. మనిషి ఒక్కడు పట్టేటంత. దించిన కొద్దిసేపటికే అది అందరి కళ్ళ ఎదుట మునిగిపోయినది. దానిని పైకి లాగి, లోపం సరిచేసి, కొద్ది వారాలలో తానే లోపల కూర్చుండి నది అడుగుకు పోయి క్షేమంగా పైకి వచ్చినాడు. నూనె యంత్రం మొరాయించగా, ప్రక్కనే సాగే పడవ నుండి రబ్బరు గొట్టంతో ఆవిరి తెచ్చుకొని నడపవలసి వచ్చినది. అయినా తెలుసుకోవలసినది తెలిసినది. పనికివచ్చే సామగ్రి ఊడదీసుకొని, ఆ గుల్లను నదిలోనే ముంచివేసినాడు. అర్ధశతాబ్దం తరువాత 1927లో దానిని బురద నుండి త్రవ్వి తీసినారు.

రెండవ పడవను న్యూయార్కులో 1881లో దించినారు. పొడవు 31 అడుగులు, ముగ్గురు మనుషులు, నూనెయంత్రం, సంపీడిత వాయువుతో గుండును విసరే తుపాకి. పత్రికలవారు దీనికి ఫెనియన్ పొట్టేలు అని పేరు పెట్టినారు. హాలండు కనిపెట్టిన అసలు కిటుకు ఇందులోనే స్పష్టమైనది. మునగడానికి ముందు తొట్లను పూర్తిగా నింపివేస్తాడు. కనుక లోపలి నీరు అటూ ఇటూ పారదు, పడవ బరువు కేంద్రం కదలదు. అన్నీ నిండినా పడవకు ఇంకా కొంచెం తేలే గుణం మిగిలే ఉంటుంది. ముందుకు సాగే వేగంతో, వెనుక అడ్డంగా అమర్చిన చుక్కానిని వంచి, డాల్ఫిన్ మునిగినట్లు ఏటవాలుగా లోతుకు దిగుతుంది. యంత్రం ఆగినా పడవ తానే పైకి తేలుతుంది. రాయివలె మునగడానికి మారుగా చేపవలె మునగడం. ఈ ఒక్క భేదమే హన్లీకీ హాలండుకూ మధ్య ఉన్న దూరం. ఈనాటి జలాంతర్గాములు కూడా చుక్కానితోనే లోతుకు దిగుతున్నవి.

ఇంతలో సంఘంలో ముసలం పుట్టినది. ఐర్లండుకై పేదలిచ్చిన డబ్బు నీటిలో పోస్తున్నారని కొందరు, లెక్కలు చూపమని కొందరు న్యాయస్థానానికి ఎక్కినారు. 1883 నవంబరులో ఒక రాత్రి, సంఘంలోని ఒక వర్గంవారు హాలండు పేరు మీద దొంగసంతకంతో రేవు కాపలావానిని నమ్మించి, పొట్టేలునూ దానితోపాటు ఉన్న చిన్న నమూనా పడవనూ ఈడ్చుకొనిపోయినారు. చిన్నది దారిలోనే మునిగినది. పెద్దదానిని న్యూహేవెన్ చేర్చినారు గాని నడపడం ఎవరికీ తెలియలేదు. నేర్పమని అడిగితే హాలండు నిరాకరించినాడు. తన వారే తన బిడ్డను దొంగిలించిన అవమానం అతడు మరువలేదు. వారితో పొత్తు అంతటితో తెగిపోయినది. 1916లో డబ్లిను తిరుగుబాటు బాధితులకై చందాలు పోగుచేయడానికి దానిని న్యూయార్కులో ప్రదర్శనకు పెట్టినారు. ఐర్లండుకు ఆ పడవ చేసిన సేవ అది ఒక్కటే.

తరువాతి పదునాలుగేండ్లు హాలండు జీవితంలో ఎండు బీడు. 1885లో ఒక సైనికాధికారి సహాయంతో కట్టిన పడవ నీటిలోకి దించేటప్పుడే దెబ్బతిన్నది. 1887లో వివాహం చేసుకొన్నాడు, సంసారం పెరిగినది. 1888లో అమెరికా నౌకాశాఖ జలాంతర్గామి నమూనాలకు పోటీ పెట్టగా హాలండు నమూనా గెలిచినది. పని మాత్రం అప్పగించలేదు. మరుసటి ఏడు మళ్ళీ పోటీ, మళ్ళీ గెలుపు. డబ్బును వేరే ఓడలకు మళ్ళించినారు. 1893లో మూడవసారి గెలిచిన తరువాత కూడా ఒప్పందం చేతికి రావడానికి 1895 వరకు పట్టినది. అదైనా తన ఇష్టప్రకారం కట్టనీయలేదు. నీటిపైన వేగం కోసం ఆవిరియంత్రమే ఉండవలెనని అధికారుల పట్టు. కొలిమి ఆర్పి మూతలు బిగిస్తే లోపలి వేడికి మనిషి నిలువలేడని హాలండు మొత్తుకొన్నాడు. ప్లంజర్ అనే ఆ ఓడ పరీక్షకు నిలిచేసరికి అతని మాటే నిజమైనది. ఎప్పటికప్పుడు తప్పు తెలిసినా చెప్పినట్లు చేయక తప్పని గుమాస్తా స్థితి మేధావికి పట్టినది.

అప్పుడు హాలండు ఒక సాహసం చేసినాడు. ప్రభుత్వంవారి ఓడను వారికి విడిచి, తన కంపెనీ సొమ్ముతో, తన ఊహ ప్రకారం మరొక పడవను న్యూజెర్సీలో ఎలిజబెత్ పట్టణంలోని నౌకాశాలలో కట్టించినాడు. ఇది అతని ఆరవ పడవ. పొడవు ఇంచుమించు 54 అడుగులు. నీటిపైన సాగేటప్పుడు 45 అశ్వశక్తి గల పెట్రోలు యంత్రం. అది పడవను నడుపుతూనే బాటరీలకు విద్యుత్తును నింపుతుంది. మునిగిన తరువాత పెట్రోలు యంత్రాన్ని ఆపి, ఆ బాటరీలతో విద్యుత్ మోటారు నడిపిస్తారు. దానికి గాలి అక్కరలేదు. మూడవ ముడి ఈ విధంగా విడిపోయినది. ముందుభాగాన టార్పీడో గొట్టం ఒకటి. ఫ్రాన్సులో, స్పెయినులో కూడా అప్పటికి విద్యుత్తుతో నడిచే జలాంతర్గాములు ఉన్నవి. కాని బాటరీ అయిపోతే అవి రేవుకు చేరవలసిందే. తన ఆహారాన్ని తానే వండుకొనగల జలాంతర్గామి హాలండుది.

1897 మే 17న దానిని నీట దించినారు. అక్టోబరులో ఒక పనివాడు కవాటం మూయడం మరచినందున అది కట్టినచోటనే మునిగిపోయినది. పైకి తీసేసరికి విద్యుత్ యంత్రాలన్నీ ఉప్పునీట నానినవి. కేబుల్ అనే విద్యుత్ నిపుణుడు వచ్చి, తీగెలలోకి విద్యుత్తును ఎదురు పంపి, ఆ వేడితోనే వాటిని లోపలినుండి ఆరబెట్టి బ్రతికించినాడు. 1898 మార్చి 17న, ఐరిషువారి పెద్ద పండుగయైన సెయింట్ పాట్రిక్ దినాన, స్టాటన్ దీవి దరిని హాలండు తానే చుక్కాని పట్టి ఆ పడవను ముంచి తేల్చినాడు. ఏబదియేడేండ్ల పంతులు తన కల నిజం కావడం చూచినాడు. నౌకాశాఖ ఉపకార్యదర్శిగా ఉండిన థియోడర్ రూజ్‌వెల్టు దానిని కొనవలసినదని సిఫారసు చేసినాడు. అయినా పరీక్షల మీద పరీక్షలు రెండేండ్లు సాగి, 1900 ఏప్రిల్ 11న ఒకటిన్నర లక్షల డాలర్లకు ప్రభుత్వం కొన్నది. దానికి అయిన ఖర్చు అంతకంటె ఎంతో ఎక్కువ. అమెరికా నౌకాదళానికి మొదటి ఆధునిక జలాంతర్గామి అదే. ఇప్పటికీ ఆ దళంవారు ఏప్రిల్ 11ను జలాంతర్గామి దినంగా జరుపుకొంటున్నారు.

విజయం వచ్చినది, విజేత మిగలలేదు. అప్పుల ఒత్తిడిలో హాలండు కంపెనీ 1899లో ఎలక్ట్రిక్ బోట్ అనే పెద్ద కంపెనీలో కలిసిపోయినది. పేటెంట్లు కంపెనీవి; హాలండు జీతగాడు. ఆ కంపెనీ వర్తకం వర్తకం వలె చేసినది. 1900 చివరన హాలండు జలాంతర్గాములు ఐదింటికి కొత్త గిరాకీదారు వచ్చినాడు. ఆ గిరాకీదారు బ్రిటిషు నౌకాదళం. 1901 అక్టోబరు 2న బారో పట్టణంలో వికర్సు నౌకాశాలలో నీట దిగిన బ్రిటనుయొక్క మొదటి జలాంతర్గామి పేరు హాలండ్ 1. ఏ నౌకాదళాన్ని ముంచడానికి కరువుపిల్లవాడు తపస్సు పట్టినాడో, ఆ నౌకాదళమే అతని పేరు పెట్టుకొని అతని తపఃఫలాన్ని అనుభవించినది. విశ్వామిత్రుని అస్త్రాలు మారీచుని చేతికి చేరినట్లు!

1904లో హాలండు కంపెనీని విడిచినాడు. సొంతంగా మరింత వేగంగల నమూనాలు గీసినాడు. జపాను కవసాకి నౌకాశాలవారు వాటి ప్రకారం రెండు కట్టినారు. జపాను చక్రవర్తి అతనికి బిరుదు ఇచ్చి గౌరవించినాడు. అమెరికాలో మాత్రం పాత కంపెనీవారు వ్యాజ్యం వేసినారు. అతని విద్యా, అతని పేరూ కూడా తమవేనన్నారు. వ్యాజ్యం పేరు వినగానే పెట్టుబడిదారులు తప్పుకొన్నారు. పక్షులు ఎగిరే తీరును పరిశీలిస్తూ విమానపు పటాలు గీస్తూ చివరి సంవత్సరాలు గడిపినాడు. జలాంతర్గామికి ఎదురు లేదు కనుక, దానికి భయపడి దేశాలు నౌకాయుద్ధమే మానుకొంటాయని అతడు ఒకనాడు ఆశించి వ్రాసినాడు.

ఆ ఆశకు లోకం ఇచ్చిన జవాబు వినకుండానే, 1914 ఆగస్టు 12న న్యూవార్కులో కన్నుమూసినాడు. ప్రథమ ప్రపంచ యుద్ధం మొదలై అప్పటికి రెండు వారాలే. సెప్టెంబరు 22 ఉదయం జర్మనీ జలాంతర్గామి యూ-9 ఉత్తరసముద్రంలో ఒకటిన్నర గంట లోపల మూడు బ్రిటిషు యుద్ధనౌకలను ముంచినది. సుమారు 1,450 మంది మరణించినారు. అదే రోజు రాత్రి జర్మనీ యుద్ధనౌక ఎండెన్ చెన్నపట్టణం మీద గుండ్లు కురిపించి నూనెతొట్లు తగులబెట్టినది. అది నీటిపై సాగే ఓడయే గాని, ఆనాటినుండి మన తీరంలో ఆ పేరే భయానికి పర్యాయపదమైనది. 1915 మే 7న మరొక జర్మనీ జలాంతర్గామి లూసిటేనియా అనే ప్రయాణికుల ఓడను ముంచినది. సుమారు 1,200 మంది, వారిలో పసిపిల్లలూ తల్లులూ, నీటిపాలైనారు. ఆ చోటు ఐర్లండు దక్షిణ తీరం. యువకుడైన హాలండు మొదటి పటం గీసిన కార్క్ నగరానికి ఎంతో దూరం లేదు. కొట్టుకొనివచ్చిన శవాలను చేరదీసి పాతిపెట్టినవారు ఆ తీరపు ఐరిషు జాలరులూ, గ్రామస్థులూ.

బలహీనుని చేతికి బలం ఇవ్వవలెననుకొన్నవాడు హాలండు. కాని ఆయుధానికి కృతజ్ఞత లేదు; కొనగలవాడే దానికి యజమాని. ఐర్లండు 1922లో స్వపరిపాలన పొందినది. అందుకు ఒక్క జలాంతర్గామి కూడా అక్కరకు రాలేదు. బ్రిటిషువారి హాలండ్ 1 మాత్రం 1913లో తుక్కుకు ఈడ్చుకొనిపోతుండగా మునిగి, 1982లో వెలికి తీయబడి, ఇప్పుడు గాస్పోర్టులో ప్రదర్శనశాలలో ఉన్నది.

అంత దూరం పోలేనివారికి విశాఖపట్టణం ఉన్నది. భారత నౌకాదళంలో 1969 నుండి 2001 వరకు పనిచేసిన కుర్సురా జలాంతర్గామిని అక్కడ రామకృష్ణా బీచిలో ఇసుక మీద నిలిపినారు; 2002 నుండి జనం లోపలికి పోయి చూస్తున్నారు. హాలండు పడవ 54 అడుగులైతే ఇది దాదాపు 300 అడుగులు. పెట్రోలుకు బదులు డీజిలు. అంతే తేడా, పైన సాగేటప్పుడు యంత్రం, మునిగినప్పుడు బాటరీ, దిగడానికి చుక్కాని అన్న సూత్రం పాటర్సను పంతులు గీసినదే. ఉద్దానం నుండి విహారయాత్రకు పోయిన బడిపిల్లలు ఆ ఇరుకు ద్వారాలలో తల వంచి, టార్పీడో గొట్టాలను తాకి చూచి, అవతలి తలుపున బీచి వెలుగులోకి వస్తారు. కాలకేయులను వెలికి తీయడానికి అగస్త్యుడు సముద్రాన్ని త్రాగవలసి వచ్చినదని వారికి తెలుగు పాఠంలో చెబుతారు. ఆ పడవకు మూలపురుషుడు కూడా పాఠాలు చెప్పుకొని బ్రతికినవాడేనని ఆ పిల్లలకు ఎవరైనా చెబితే బాగుండును.